పాఠమంతా నా గొంతే

ఆగడం నాకు చేతకాదు. లిఫ్టు బటన్ నాలుగుసార్లు నొక్కుతాను. చర్చిలో పాస్టరుగారి ప్రార్థన ముగియకముందే ఆమెన్ అనేసి అమ్మ చేత మోచేతి పోట్లు తిన్నదాన్ని. హైటెక్ సిటీ ఆఫీసులో ఈ తొందరను చురుకుదనం అంటారు కాబట్టి, అదొక లోపమని చాలాకాలం తెలియలేదు.

మా అంతస్తు శుభ్రం చేసే అక్కది పాలమూరు వైపు. ఎనిమిదితో చదువు ఆగిపోయింది. పది పాసైతే సూపర్‌వైజర్‌ని చేస్తామన్నారని ఓపెన్ పదికి ఫారం నింపింది. లెక్కలంటేనే భయం. "జర చెప్తరా మేడం?" అని అడగ్గానే ఒప్పేసుకున్నాను. రోజూ మధ్యాహ్నం ప్యాంట్రీలో అరగంట. నేను చెప్పేదంతా ఫోన్లో రికార్డు చేసుకుని, మియాపూర్ బస్సులో వెళ్తూ వినమన్నాను. బుద్ధిగా వినేది.

పరీక్షకు మూడు వారాలుందనగా ఆమె పుస్తకం బల్ల మీద పెట్టి, "ఇగ నేను రాయ మేడం" అంది.

"అదేంటక్కా?"

"మీరు చెప్తుంటే అంత సమజైతది. ఇంట్ల ఒక్కదాన్నే కూసుంటే ఏం వస్తలేదు. నా బుర్రకు గిదంత ఎక్కదు."

నాకు ఒళ్లు మండింది. నెలన్నరగా భోజనం మానుకుని చెబుతున్నాను, అసలు వింటోందా? "సరిగ్గా విని ఉండరు, ఇటివ్వండి" అని ఫోను తీసుకుని ముందురోజు పాఠం పెట్టాను, తప్పు ఆమెదేనని తేల్చేద్దామని.

"నాలుగింట మూడు వంతులు, ఆరింట అయిదు వంతులు. ఏది పెద్దదక్కా?" నా గొంతు. వెంటనే, "చెప్పండి, చెప్పండి." అవతల నుంచి "అదీ..." అని చిన్నగా. దాని మీదే మళ్లీ నేను, "సరే చూడండి, అడ్డంగా గుణిస్తే..." తర్వాతి లెక్కా అంతే. ఆ తర్వాతదీ అంతే. ప్రశ్న నాదే, జవాబూ నాదే. ఆమె "అదీ..."ని ఎన్నిసార్లు తొక్కేశానో వినలేక ఆపేశాను.

"ఆ మొదటి లెక్కకు ఏం చెప్పబోయారక్కా?"

ఆమె నా ముఖంలోకి చూసింది, తర్వాత పుస్తకంలోకి. నేను రికార్డు బటన్ నొక్కి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కాఫీ మెషిన్ గురగురలాడింది. ఎవరో వచ్చి మగ్గు కడుక్కుని వెళ్లారు. మీటింగు మొదలవుతోందని నా ఫోను అదిరింది. జవాబు నాలుక చివరిదాకా వస్తే రెండుసార్లు మింగేశాను. కుర్చీలో ముళ్లున్నట్టే ఉంది.

"అదీ..." అంది చివరికి. "దీంట్ల ఒక్క ముక్క తక్కువ. దాంట్ల గూడ ఒక్కటే తక్కువ. కని ఆరు ముక్కలు చేస్తే ముక్క చిన్నగైతది గద. పోయింది చిన్నది, అంటే మిగిలింది ఎక్కువ. ఆరింట్ల అయిదే పెద్దది."

గుణకారం లేదు, నేను నేర్పిన పద్ధతే లేదు. అంత చక్కగా నాకెప్పుడూ తట్టలేదు. "ఇప్పుడే తట్టిందా అక్కా?" అన్నాను.

"లే మేడం, నిన్ననే అనుకున్న. చెప్పేటాలకు మీరే చెప్పిన్రు."

ఆమె రికార్డింగు ఆపి, మొదటి నుంచి పెట్టి, ఫోను చెవికి ఆనించుకుంది. రికార్డింగు నాకూ వినిపిస్తోంది: చాలాసేపు కాఫీ మెషిన్ చప్పుడే. తర్వాత ఆమె గొంతు. దాన్ని రెండుసార్లు వింది. పుస్తకం సంచిలో పెట్టుకుంటూ, "రేపు గూడ గిట్లనే కూసుంటరా మేడం?" అని అడిగింది.

ఆ మాట పూర్తి కాకముందే కూర్చుంటానన్నాను.