మావయ్య తప్పెటకు తగిన మైకు

మా మావయ్య పోయారని కబురు వచ్చేసరికి నేను కోటబొమ్మాళిలో ఒక పెళ్లి వీడియో తీస్తున్నాను. పని తోటి కెమెరామన్‌కి అప్పగించి బస్సెక్కాను. దారంతా ఏడ్చాను. ఇప్పుడు ఆయన గురించి రాద్దామని కూర్చుంటే మాత్రం నవ్వే ముందొస్తోంది. ఆయన అలాంటి మనిషి మరి.

మావయ్య అంటే మా ఆయన నాన్న. గజపతినగరం పక్కన మా ఊళ్లో తప్పెటగుళ్ల బృందానికి పెద్ద. గుండెల మీద రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో గుండ్రంగా తిరుగుతూ పాడే ఆట అది. పాట ఎత్తుకునేది ఆయనే. ఆ మోతకి పక్క వీధిలో పసిపిల్లలు కూడా నిద్ర లేచి కూర్చుంటారు.

కొత్త కోడలిగా ఆ ఆటను తెగ మురిపెంగా వీడియో తీసి చూపించాను. ఆయన చెవి ఒగ్గి విన్నారు.

"పాపా, ఇది నా పాటా, రేకుల మీద రాళ్లు పడతన్నాయా?"

నాకు తల కొట్టేసినట్టయింది. తప్పెట మోగగానే కెమెరా తనంతట తాను సౌండు తగ్గించేసి పాటను మింగేసింది. మిగిలిందంతా బరబర. నా మొహం చూసి ఆయనే మళ్లీ అన్నారు.

"ఊరందరూ నా పాట ఇన్నారు. నానొక్కడినే ఇనలేదు. గుండెల మీద తప్పెట మోగతంటే నా గొంతు నాకేటి ఇనపడతాది? ఒక్కసారి ఇనాలని ఉన్నాది, పాపా."

ఆ మాటతో మంచి మైకు కొనడానికి ఇద్దరం విజయనగరం బయలుదేరాం. దుకాణంలో ఆయన అన్నిటికన్నా పొడుగాటి మైకు పట్టుకుని వదల్లేదు. దాని బొచ్చు తొడుగును గొర్రెపిల్లను నిమిరినట్టు నిమిరారు. నాకూ అది ఘనంగానే కనిపించింది. ఇంటికొచ్చి సాధనలో పెడితే, ఎదురుగా ఉన్నవాళ్ల గొంతే పట్టింది. బృందం తిరిగేకొద్దీ పాట వస్తూ పోతూ ఉంది.

"ఏటిది, సగం మంది ఆటలోంచి పారిపోనారా?" అని పడీపడీ నవ్వారు.

రెండోసారి వెళ్లినప్పుడు ఆయన చేతిలో సంచి ఉంది. దుకాణదారు ఒక పొట్టి మైకు కెమెరాకు తగిలించి "హలో, హలో" అన్నాడు. రెండు పక్కల శబ్దాన్నీ పట్టే మైకు అది, మోత ఎక్కువైతే తగ్గించే మీట కూడా ఉంది.

"అలో అంటే ఏ మైకైనా పలుకుతాది బాబూ. మా ఆటలో అలో అనీవోడెవడు?" అంటూ మావయ్య సంచిలోంచి తప్పెట తీసి కట్టేసుకున్నారు. ఆపేలోపే వాయించారు. పక్క దుకాణాలవాళ్లు పరిగెత్తుకొచ్చారు. నేను సిగ్గుతో చచ్చిపోతూనే మీట నొక్కి, కెమెరాలో సౌండు చేత్తో బాగా తగ్గించి, ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. తప్పెట మోత బరబరమనలేదు. దాని వెనక ఆయన గొంతు తేటగా వినిపించింది. మైకు దొరికింది.

పండగ నాడు ఆట మొత్తం దాంతోనే తీశాను. మర్నాడు పొద్దున్న వీధరుగు మీద ఆయన చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టాను. ఆయన కళ్లు మూసుకున్నారు. ఉన్నట్టుండి తొడ చరిచారు.

"ఓలమ్మో! తాళం తప్పి ముందుకి లాక్కెళిపోతన్నది నానే! ఇన్నాళ్లూ ఆళ్లని తిట్టినాను!"

బృందం వాళ్లను కేకేసి పిలిచి ఒక్కొక్కరికీ తన తప్పు వినిపించారు. వాళ్లకు ఇంతకన్నా పండగ ఏముంటుంది, ఆటపట్టించి వదిలారు. ఆయనా వాళ్లతో కలిసి నవ్వారు. తర్వాత ఇయర్‌ఫోన్లు మళ్లీ పెట్టుకుని "నా గొంతు బాగానే ఉన్నాదే" అన్నారు, మెల్లగా, తనకే చెప్పుకుంటున్నట్టు.

ఆయన లేరంటే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు. ఆ పొద్దుటి మావయ్యే కళ్లముందు ఉన్నారు. అరుగు దిగి వీధిలో అడుగులు వేయడం మొదలుపెట్టారు. మాకెవరికీ ఏ పాటా వినిపించడం లేదు. ఒట్టి గుండెల మీద రెండు చేతులూ ఆడుతున్నాయి. ఇయర్‌ఫోన్ల వైరు పొట్టిది. అది ఊడిపోకుండా కెమెరా పట్టుకుని, ఆయన ఎటు తిరిగితే అటు, నేనూ ఆయన వెనకే గుండ్రంగా తిరుగుతున్నాను.