లాంచీని కడిగి ఇచ్చిన వెంకటయ్య మామ

పినపాక వైపు రేవులో జీవితమంతా లాంచీ నడిపిన మా మేనమామ, సరంగు వెంకటయ్య ఇక లేడు. వార్త విని నిశ్చేష్టుణ్ణయ్యాను. ఆ దుఃఖాన్నైనా శుభ్రంగా అనుభవించనివ్వలేదు పెద్దమనుషులు. సంతాపసభలో ఒక అధికారి లేచి, "లాంచీని స్వచ్ఛందంగా సమర్పించిన త్యాగమూర్తి" అన్నాడు. చప్పట్లు!

అడవిలో పోరు ముదిరిన రోజుల్లో గోదావరి మీద గస్తీకి పడవ కావాలని పోలీసులు మామ చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆయన కూడబలుక్కుని చదివేవాడు. ‘స్వచ్ఛందంగా అప్పగిస్తున్నాను’ అన్నదాన్ని ‘స్వచ్ఛంగా’ అని చదువుకున్నాడు. రెండు రోజులు కొబ్బరి పీచుతో లాంచీని తోమాడు. "సాఫ్‌గ ఇయ్యమన్నరు అల్లుడా. మళ్ల గిట్లనే సాఫ్‌గ ఇస్తరు" అన్నాడు. ఉపాధ్యాయుణ్ణయి ఉండి, ఆ కాగితమేదో చూపించమని నేను అడగలేదు.

లాంచీకి బూడిదరంగు పూశారు. ముందు ఇసుక బస్తాలు పేర్చి తుపాకీ బిగించారు. ఇప్పపువ్వు గంపలతో దానికోసం ఎదురుచూసిన అవతలి గట్టువాళ్లు, దాని మోత వింటే అడవిలోకి పరుగెత్తసాగారు.

నిండు గర్భిణులను ఊరికే దాటించిన మనిషి ఆయన. "వాళ్ల తాన కిరాయి తీస్కుంటే ఇంజనుకు ఉసురు తగుల్తది" అనేవాడు. అటువంటివాణ్ణి చూసి, "ఇష్టపడి ఇచ్చిండట" అంటూ ఆ గట్టు ముఖం తిప్పుకుంది. మామను తినేసింది అదే. ఆఫీసుల చుట్టూ తిరిగాడు.

"లాంచీ వద్దు సారూ. నేను ఇష్టపడి ఇయ్యలేదని ఒక్క ముక్క రాసియ్యుండ్రి."

"కాగితంల ఉన్నదే నిజం, పో పెద్దాయనా!"

ఛీ, అదేం నోరు! ఆ రోజు ఆయన పక్కనే నిలబడి కూడా నేను కిక్కురుమనలేదు. ఏరు దాటి ఆ గట్టువాళ్లకు నిజం చెప్పి రమ్మని మామ ఎన్నోసార్లు బతిమాలాడు. ఉద్యోగానికి ఎసరొస్తుందని రేపు మాపు అంటూ తప్పించుకున్నాను.

సభకు అవతలి గట్టు నుంచి, ఒకప్పుడు నిండు గర్భిణిగా మామ లాంచీలో దాటిన ముత్తమ్మ ఒక్కతే వచ్చింది. చప్పట్లు విని లేచి వెళ్లిపోతుంటే వెనకాలే పరుగెత్తి అంతా చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"గీ మాట ఆయన బతికున్నప్పుడు చెప్పకపోతివేంది సారూ?"

మామా, నీకు నా ఆలస్యపు నమస్కారం. నీవంటి సరంగు ఈ రేవుకు మళ్లీ రాడు. నావంటి పిరికివాళ్లం మాత్రం బోలెడుమందిమి మిగిలాం.