లిసియాతే కంటే

లిసియాతే మాస్టారికి జీవితంలో ఒకటే పట్టుదల: ఏ పోటీలో దిగినా ఓడిపోవాలి. ఊరికే ఓడిపోతే సరిపోదు. ఎంత తేడాతో ఓడిపోయారో కొలవాలి. కొలిచి, ఆ ఓటమిని శుక్రవారం ఇంగ్లీషు పరీక్షలో ప్రశ్నగా వేయాలి.

మతాహౌ దీవి బడిలో ఆరో తరగతికి ముప్పై ఏళ్ళుగా ఆయనే ఇంగ్లీషు చెబుతున్నారు. పోలికల పాఠమంటే ఆయనకు ప్రాణం. ఒక వాక్యం, అందులో ఒక ఖాళీ, కింద మూడు మాటలు: బిగ్, బిగ్గర్, బిగ్గెస్ట్. సరైనదానికి సున్నా చుట్టాలి. రాజధాని నుంచి వచ్చే పుస్తకంలో ఇలాంటివి వందలున్నాయి. ఏనుగు గుర్రం కంటే పెద్దదట, రైలు బస్సు కంటే వేగంగా పోతుందట. "ఏనుగును చూసినవాళ్ళు ఈ దీవిలో ఎవరున్నారు? చూడనిదాన్ని కొలిచేదెలా?" అని మాస్టారు ఆ పుస్తకాన్ని తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నారు.

ఆయన ప్రశ్నల్లో అన్నీ ఊళ్ళోవాళ్ళ పేర్లే. కాకపోతే పోలికలో ఓడిపోయే వైపు మాత్రం ఎప్పుడూ ఒకటే పేరు. హోపో పంది లిసియాతే పంది కంటే లావు. హినా పెండలం దుంప లిసియాతే దుంప కంటే పొడుగు. పాస్టరుగారు లిసియాతే కంటే బాగా పాడతారు.

చిక్కేమిటంటే ఆయన అబద్ధం రాయరు. జానెడుకో ముడి వేసిన కొబ్బరినార తాడొకటి ఎప్పుడూ జేబులోంచి వేలాడుతుంటుంది. దుంపలైనా, చేపలైనా, గంతులైనా ఆ తాడు తేల్చాల్సిందే. కాబట్టి ఓడిపోవాలంటే ఆయన నిజంగానే ఓడిపోవాలి. అందుకోసం ఎంత కష్టమైనా పడతారు.

ఈ ఏడు లూపే అనే పిల్ల ఆయన దగ్గరికి వచ్చి నిలబడింది. తరగతిలో అందరికంటే చిన్నగా ఉంటుంది.

"మాస్టారూ, నేను దేంట్లోనూ పెద్ద కాను. నా పేరు ఎప్పుడొస్తుంది?"

మాస్టారు ఆరడుగుల పైచిలుకు మనిషి. కాసేపు ఆలోచించి, ఇసుకలో చతికిలబడి, తాడు పిల్ల చేతికిచ్చారు. "ఇప్పుడు కొలువు."

"మీరు కూర్చుంటే లెక్కలోకి రాదు మాస్టారూ."

"కూర్చున్నానని ప్రశ్నలోనే రాస్తాలే."

శుక్రవారం పరీక్షలో మొదటి ప్రశ్న అదే. నిలబడ్డ లూపే కూర్చున్న లిసియాతే కంటే పొడుగు. వాళ్ళమ్మ ఆ కాగితాన్ని ఇంట్లో రాజుగారి ఫొటో పక్కన అంటించింది.

ఊరంతా ఇలా మురిసిపోతుంటే ఒళ్ళు మండేది ఒక్క పిసిలాకే. పిసిలా మాస్టారి భార్య. పెళ్ళయి ఇరవై ఏడేళ్ళయినా భర్తను "మాస్టారూ" అనే పిలుస్తుంది. ఆ పిలుపులో మర్యాద ఎంతో, దెప్పు అంతే. ఆమె అల్లిన చాపను చూస్తే మూడు దీవుల ఆడవాళ్ళు పేరు అడక్కుండానే ఇది పిసిలా చెయ్యి అంటారు. అలాంటి మనిషికి దేంట్లోనూ గెలవని మొగుడు దొరికాడు.

"మన పందికి మేత వేస్తున్నారా మాస్టారూ?"

"వేస్తున్నాను."

"ఎంత?"

"హోపో వాళ్ళ పంది కంటే తక్కువ."

"ఎందుకని?"

"ఈ వారం వాళ్ళమ్మాయి వంతు."

"మరి నా వంతు ఎప్పుడు? చర్చి విందుకు ఈ ఎండుకట్టెను మోసుకెళ్ళాల్సింది నేను. హోపో పెళ్ళాం ఏమంటుందో తెలుసా? పిసిలా వాళ్ళింట్లో పంది కూడా ఉపవాసాలుంటుంది అంటుంది."

మాస్టారు నోరు తెరిచారు కానీ, తెరిస్తే గెలిచే మాట ఏదైనా వస్తుందేమోనని వెంటనే మూసుకున్నారు.

నిజానికి ఊళ్ళోవాళ్ళకు ఆయనంటే గొప్ప గర్వం. పక్క దీవివాళ్ళు కావా వేరు నూరి కలిపిన పానీయం తాగడానికి వచ్చి, మా మాస్టారు రగ్బీలో మొనగాడు, మా మాస్టారికి బ్యాండు వాయించడం వచ్చు అని చెప్పుకుంటే మతాహౌవాళ్ళు తొణక్కుండా వింటారు. విని, "మా మాస్టారు పన్నెండు మంది పిల్లలతో పరిగెత్తి పదమూడోవాడిగా వచ్చారు. మీవాళ్ళెవరైనా వచ్చారా?" అని అడుగుతారు.

అంతా బాగానే ఉండేది, హైస్కూలు ప్రవేశపరీక్ష రాకపోతే.

హైస్కూలు పెద్ద దీవిలో ఉంది. ఈ పరీక్షలో సీటు రాకపోతే చదువు అక్కడితో సరి. ఆరో తరగతి పిల్లలు పద్నాలుగు మందీ రాశారు. చివరి ప్రశ్నగా, పోలికలతో సొంతంగా ఐదు వాక్యాలు రాయమన్నారు. పద్నాలుగు మంది, డెబ్బై వాక్యాలు. డెబ్బైలోనూ ఓడిపోయినవాడు ఒకడే. సముద్రం లిసియాతే మాస్టారి కంటే లోతైనది. మా కోడి లిసియాతే మాస్టారి కంటే ముందు లేస్తుంది. మా నానమ్మ లిసియాతే మాస్టారి కంటే వేగంగా పరిగెత్తుతుంది.

రాజధానిలో పేపర్లు దిద్దినవాళ్ళకు రెండే అనుమానాలు వచ్చాయి. ఒకటి, పిల్లలు కాపీ కొట్టారు. రెండు, పిల్లలకు పొగరు, దాన్ని నేర్పినవాడు ఎవరో ఉన్నాడు. ఫలితాలు ఆపేశారు. ఇన్‌స్పెక్టర్ బుధవారం పడవలో వస్తున్నారనీ, తప్పు రుజువైతే పద్నాలుగు పేపర్లూ రద్దనీ ఉత్తరం వచ్చింది.

పిసిలా ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. "ఇప్పుడు సంతోషమా మాస్టారూ?"

మాస్టారు గుమ్మంలో కూర్చుని తాడు ముడులు విప్పుతూ, మళ్ళీ వేస్తూ ఉన్నారు. "పిల్లలు ఓడిపోతే ఎలా పిసిలా? ఓడిపోవడం నా పని కదా."

ఆ మాటకు ఆమె కోపం సగం దిగింది. మిగిలిన సగంతో లోపలికి వెళ్ళి, తను అల్లినవాటిలో అన్నిటికంటే సన్నని చాప తీసుకొచ్చింది. బుధవారం పొద్దున, పెద్దల ముందుకు వెళ్ళేటప్పుడు ఆ దీవిలో మర్యాద అదే కాబట్టి, దాన్ని ఆయన నడుముకు చుట్టి, తాడు బిగించి ముడి వేసింది.

"ఆ ఇన్‌స్పెక్టరమ్మ ముందు ఒక్క విషయంలో గెలవండి. ఒక్కటంటే ఒక్కటి."

"దేంట్లో?"

"ఏదైనా సరే. నడకలో గెలవండి, దగ్గులో గెలవండి."

ఇన్‌స్పెక్టర్ పేరు కలోలైన్. రేవులో కాలు పెట్టగానే మాస్టారితో అన్న మొదటి మాట, "మీ పేరు ముందే చూశాను. పడవలో చుక్కాని పక్కన ఓ పాత కాగితం అంటించి ఉంది. పెద్దవాళ్ళ గురించి అలా రాయడం మర్యాదగా లేదు." ఆమె వెనక పడవ నడిపే ఫోతు తల గోక్కుంటూ సముద్రం వైపు చూశాడు.

బడికి వచ్చాక ఆమె ఒక్కో పిల్లనూ ఒక్కో చెట్టు కింద కూర్చోబెట్టి, కొత్త ప్రశ్నలు ఇరవై చొప్పున ఇచ్చింది. ఏనుగులు, రైళ్ళు, మంచుకొండలు. పిల్లలు వాటిని ఎన్నడూ చూడలేదు కానీ ఏ ఖాళీకి ఏ మాట కావాలో తెలుసు. దిద్దితే ఒక్కటీ తప్పు లేదు.

"కాపీ కాదు," అంది కలోలైన్ ఒప్పుకోలుగా. "అయితే పొగరే. పైగా అబద్ధాలు. ఈ హినా ఎవరు? డెబ్బై రెండేళ్ళ నానమ్మ మాస్టారి కంటే వేగంగా పరిగెత్తుతుందని రాసింది."

"అది నిజమేనండీ," అంది హినా.

"నిజమే," అంది కిటికీ బయట చేరిన ఊరు.

"అయితే చూపించండి."

చాప అల్లుకుంటున్న హినా నానమ్మ, తెలేసియా ముసలమ్మను పిలుచుకొచ్చారు. బడిగంట దగ్గర మొదలు, చర్చి మెట్ల దగ్గర ఆఖరు. పిసిలా జనంలోంచి ముందుకొచ్చి భర్త చెవిలో, "ఇదే. గెలవండి," అంది.

మాస్టారు పరిగెత్తారు. ఆ పొడుగు కాళ్ళతో ఆయన అంత వేగంగా పోగలరని పిసిలాకు కూడా తెలియదు. ముసలమ్మ ఇంకా కొబ్బరిచెట్టు దాటలేదు, ఆయన నూతి దగ్గరికి వెళ్ళిపోయారు. పిసిలా ఛాతీ పొంగింది. చుట్టూ చూసింది, హోపో పెళ్ళాం చూస్తోందా లేదా అని.

అప్పుడు మాస్టారు ఒకసారి వెనక్కి తిరిగారు. గంట కింద హినా నిలబడి ఉంది. తను రాసిన వాక్యం కళ్ళముందే అబద్ధమైపోతుంటే ఆ పిల్ల ఊపిరి బిగపట్టుకుని చూస్తోంది.

మాస్టారు ఆగి, నడుముకున్న చాప విప్పి, దుమ్ము దులిపి, నింపాదిగా మళ్ళీ చుట్టుకోవడం మొదలుపెట్టారు.

ఆ ముడి పిసిలా వేసింది. ఆమె వేసిన ముడి తుఫానుకు కూడా వదులు కాదు. ఆయన దాన్ని వేళ్ళతో పెనుగులాడి విప్పడం ఆమె చూసింది. కోపం రావాల్సింది. ఎందుకో రాలేదు.

తెలేసియా ముసలమ్మ చర్చి మెట్టు తాకి నీళ్ళడిగింది. "ఎప్పుడూ ఇదే వరస. ఒక్కసారి సరిగ్గా పరిగెత్తవయ్యా, నాకూ కాస్త గెలిచినట్టుంటుంది," అంది.

"కావాలనే ఆగారు మీరు. నేను చూశాను," అంది కలోలైన్.

"చాప వదులైందండీ," అన్నారు మాస్టారు.

అందరూ మళ్ళీ తరగతిలోకి వచ్చారు. కలోలైన్ హినానూ లూపేనూ పక్కపక్కన నిలబెట్టింది. లూపే కంటే హినా జానెడు ఎత్తు. "మీ ఇద్దరిలో ఎవరు పొడుగు? ఒక వాక్యం చెప్పు హినా."

హినా లూపే వైపు చూసింది, వెనకున్న మాస్టారి వైపు చూసింది. "మాస్టారు కూర్చుంటే ఇద్దరం ఆయన కంటే పొడుగేనండీ."

మాస్టారు వెంటనే నేలమీద కూర్చున్నారు.

"ఆయన సంగతి నేనడగలేదు. జవాబు రాదా నీకు?"

"వచ్చండీ. టాలర్."

"మరి పూర్తిగా చెప్పవేం?"

"లూపే ఇక్కడే ఉంది కదండీ." హినా లూపే చెయ్యి పట్టుకుంది. "మాస్టారు ఉండగా ఇంకొకళ్ళు తక్కువ కావడం ఎందుకండీ?"

గుమ్మం దగ్గర ఫోతు గొంతు సవరించుకున్నాడు. అతనికి పుట్టుకతోనే ఒక కాలు పొట్టి. అందుకే గోడకు ఆనుకుని నిలబడతాడు.

"ఆ కాగితం మర్యాదగా లేదన్నారు కదమ్మా. అది నాదే. మాస్టారు వచ్చిన కొత్తలో పరీక్షలో, హోపో ఫోతు కంటే వేగంగా పరిగెత్తుతాడు అని ఇచ్చారు. తప్పేం లేదు, నిజమే. తరగతంతా నవ్వింది. నేను రెండు వారాలు బడికి పోలేదు. మూడో వారం మాస్టారు మా ఇంటికొచ్చి, ఒడ్డున నాతో పందెం వేశారు. ఏం చేశారో ఏమో, నేనే గెలిచాను. తాడుతో కొలిచి, ఆరు జానల తేడా అన్నారు. ఆ శుక్రవారం ప్రశ్న అదే. ఆ తర్వాత ఓడిపోయే వైపు ఇంకెవరి పేరూ రాయలేదు ఆయన."

పిసిలా భర్త వైపు చూసింది. ఆయన నేలమీదే కూర్చుని, ఏదో పెద్ద తప్పు దొరికిపోయినట్టు తాడును జేబులోకి తోసుకుంటున్నారు.

కలోలైన్ కళ్ళద్దాలు తుడుచుకుని పద్నాలుగు పేపర్ల మీదా వరసగా సంతకం చేసింది. తర్వాత సుద్ద తీసుకుని బోర్డు మీద ఒక వాక్యం రాసింది. లిసియాతే మాస్టారు కలోలైన్ కంటే ఖాళీ టీచర్. కింద మూడు మాటలు: గుడ్, బెటర్, బెస్ట్.

మాస్టారు గాభరాగా లేచారు. ముప్పై ఏళ్ళలో ఆయన పేరు ఆ వైపున రావడం ఇదే మొదలు. "అదెలాగండీ, కొలవలేదు కదా."

"కొలిచాను. బడిగంట నుంచి చర్చి మెట్ల దాకా. కూర్చోండి."

హినా వెళ్ళి మధ్య మాటకు పెద్ద సున్నా చుట్టింది.

ఆ బోర్డును తుడవడానికి పిసిలా ఒప్పుకోలేదు. వారం రోజులు బడి గుమ్మంలో చాప అల్లుకుంటూ కాపలా కూర్చుంది. లెక్కల పాఠం తలుపు మీద జరిగింది. హోపో పెళ్ళాం ఆ దారిన పోయిన ప్రతిసారీ పిసిలా పలకరించి, ఎండగా ఉంది, కాసేపు లోపల కూర్చోమని పట్టుబట్టింది.

శుక్రవారం యథాప్రకారం పరీక్ష పెట్టారు. మొదటి ప్రశ్న, పిసిలా గర్వం లిసియాతే గర్వం కంటే ఎంత. పద్నాలుగు మందీ సరిగ్గానే చుట్టారు.

"ఇదెలా కొలిచారు మాస్టారూ?" అని అడిగింది పిసిలా ఆ మధ్యాహ్నం, చేమాకుల్లో చుట్టి వండిన కూర పొట్లం ఆయన ముందు విప్పుతూ.

"తాడు చాల్లేదు," అన్నారాయన.