మా మూడు బ్రౌజర్లూ, అన్నగారి వ్యాఖ్యానమూ

వాక్కును ప్రసాదించి, దానిని ఏ క్షణాన వెనుకకు తీసుకొంటుందో ముందుగా చెప్పని తల్లికి నమస్కరించి ఈ నాలుగు మాటలు మొదలుపెడుతున్నాను. ఉత్తరాయణం, శిశిర ఋతువు, మాఘ శుద్ధ పంచమి. తెనాలి.

ఈ ఉదయం కాఫీతోపాటు వచ్చిన పత్రిక అనుబంధంలో సగం పుట ఆక్రమించిన పట్టిక ఒకటి కనిపించింది. నిత్యవ్యవహారానికి ఏ బ్రౌజరు మేలు అన్నది విషయం. క్రోము, ఎడ్జి, ఫైర్‌ఫాక్సు, సఫారీ అని నాలుగు పేర్లు వరుసగా పేర్చి, వేగానికి ఇన్ని నక్షత్రాలు, గోప్యతకు ఇన్ని, మన్నికకు ఇన్ని అని, పెళ్ళికి ముందు జాతకాలు కలిపి గుణాలు లెక్కించినట్లు లెక్కించారు. బ్రౌజరు అనగా ఇంటర్నెట్టులోనికి తెరుచుకొనే వీధి తలుపువంటిది. దాని గుణదోష విచారణ నావంటి వృద్ధ పండితునికి పట్టని సంగతి అని ఎవరైనా అనుకోవచ్చును. అయితే ఆ పట్టికలోని ప్రతి గడినీ నేను ఎరుగుదును. తెనాలిలో నేను, బాపట్లలో మా బావ, రేపల్లెలో మా వదినగారు, ముగ్గురం చాలాకాలం ఫోనులో వాదించుకొన్న విషయాలే అవి. మేము అడగక విడిచిన ప్రశ్న ఆ పట్టికలోనూ లేదు. పత్రికను మడిచి పక్కన పెట్టాను గాని మనస్సును మడవలేకపోయాను.

మా అన్నగారు రేపల్లెలో తెలుగు బోధించి, అక్కడే స్థిరపడి, అక్కడే కాలం చేశారు. ఆయన పాండిత్యం గురించి తమ్ముడినైన నేను పొగడకూడదు. ప్రతి సాయంకాలమూ ముందుగదిలో ఇద్దరు ముగ్గురు మిత్రులను కూర్చోబెట్టుకొని పురాణపద్యం చదివి అర్థం చెప్పేవారు. ఆ అర్థం ఏ టీకలోనూ దొరికేది కాదు. రాసిపెట్టమని ఎన్నోసార్లు ప్రాధేయపడ్డాను. "రాసింది రాసినవాడికన్నా మొండిదిరా. రేపు నా మనసు మారితే అది మారదు" అనేవారు. ఆయన వెళ్ళిపోయారు, ఆ మిత్రులూ ఒకరి వెనుక ఒకరుగా వెళ్ళిపోయారు. ఇక ఆ వ్యాఖ్యానం పోయినట్లే అనుకొన్నాను.

పోలేదని తెలిసింది సంవత్సరీకాల తరువాత. నేను రేపల్లెలో ఉండగా వదినగారు కందకు చింతపండు పిసుకుతూ, నావైపు చూడకుండానే, సభలో తల వంచుకొని నిలబడ్డ ఒక రాజును గూర్చి మాట్లాడసాగారు. అందరూ దానిని సిగ్గు అంటారట. మా అన్నగారు మాత్రం, ఎదుటివాని కన్నులలో తన సిగ్గు ఎంత పెద్దదిగా ఉన్నదో చూడలేక వంచిన తల అది అన్నారట. నేను నిశ్చేష్టుడనైనాను. ఇది ఎప్పుడు విన్నారు వదినా అంటే, "ఎప్పుడేంటి మరిదీ, ఆయన అక్కడ చెప్తుంటే నేనిక్కడ కంద ఉడకేస్తున్నా" అన్నారు. దశాబ్దాలపాటు ముందుగదిలో జరిగిన పురాణమంతా వంటింట్లో కూర్చున్నది. దానికొక పద్ధతి ఉన్నది. ఊరక కూర్చోబెట్టి అడిగితే ఆవిడకు ఒక్క ముక్క గుర్తుకు రాదు. ఆనాడు ఏ వంట చేస్తూ విన్నారో ఆ వంట చేయాలి. పులుసు పొంగుతుండగా ఒక సర్గ, తాలింపు చిటపటలలో ఒక సంవాదం, అప్పడాల పిండి దంచుతుంటే యుద్ధం. గుర్తు వచ్చినప్పుడు మాటలు మాత్రమే కాదు, అన్నగారి గొంతు, మధ్యలో ఆయన దగ్గు, నస్యం పీల్చుకొనే విరామం కూడా వినిపిస్తాయని ఆవిడ చెప్పేవారు. "నేను చెప్పడం లేదు మరిదీ. ఆయన చెప్తుంటే వింటున్నా."

అప్పటికే ఆవిడకు నీటికాసుల వ్యాధి. ఎడమకన్ను పోయింది, కుడికన్ను పోతున్నది. చేతులతో రాయలేరు. వంటింట్లో అలా రోజూ కూర్చుని రాసికొనే ఓపిక నాకు లేదు. అప్పుడు వదినగారి తమ్ముడు, బాపట్లలో లెక్కలు బోధించి విరమించిన మా బావ, ఒక ల్యాప్‌టాప్ తెచ్చి వంటింటి అలమరలో పోపులడబ్బా పక్కన పెట్టాడు. మనం మాట్లాడితే తెలుగులో అక్షరాలుగా మార్చే పుట ఒకటి ఇంటర్నెట్టులో ఉన్నదట. ఆవిడ వంట చేస్తూ మాట్లాడతారు, అది రాసికొంటుంది. సమాసం పొడవైతే తెగ్గోసేది, మరొక మాట పెట్టేది, అయినా రాసికొనేది.

వివాదం ఇక్కడ ఆరంభమైంది. ఆ పుటను ఏ బ్రౌజరులో తెరవాలి? బావ క్రోము పక్షం. లెక్కల మేష్టారు గనుక వేగాన్ని ఎక్కాలతో కొలిచేవాడు. నొక్కిన వెంటనే పందొమ్మిదో ఎక్కం మొదలుపెట్టి, ఎక్కడిదాకా వచ్చేసరికి పుట తెరుచుకొంటుందో చూచి నాకు ఫోనులో ఫలితం వినిపించేవాడు. నేను ఫైర్‌ఫాక్సు పక్షం. మన రాకపోకలను నలుగురికీ చేరవేయదని, ఎక్కడికి వెళుతున్నావని అడగని ఇరుగుపొరుగువంటిదని దానిమీద నాకు గౌరవం. కాని మైకులో మాట్లాడితే ఆ పుట నా బ్రౌజరులో ఉలకలేదు, పలకలేదు. "మీ నక్కకు చెవుల్లేవండి బావగారూ" అన్నాడు బావ. "చెప్పింది వినని శిష్యుడు ఎంత గుట్టుగా ఉంటే ఏం లాభం?" వదినగారు మాత్రం యంత్రంతోపాటు వచ్చిన ఎడ్జిని విడిచిపెట్టనన్నారు. మేమిద్దరం కలిసి దాని లోపాలు ఏకరువు పెడితే విని, "దాంతోపాటు వచ్చిందాన్ని కాదంటే ఎట్లా? నేనేమన్నా మీ అన్నయ్యని నలుగుర్ని చూసి ఎంచుకున్నానా?" అన్నారు. ఆ మాటకు బావ పక్షం కూడా వీగిపోయింది.

ఆవిడ పంతానికి మరొక కారణం కూడా ఉన్నది. ఆ బ్రౌజరు రాసినదానిని పైకి చదివి వినిపించేది. ఒక స్త్రీ కంఠం, స్పష్టమైన తెలుగు, ఊపిరి తీసికొనని నడక. కన్ను ఆనని మనిషికి ఇంతకన్న కావలసినది ఏమున్నది? ప్రతిదినం భోజనాలైన తరువాత వదినగారు గోడకు ఆనుకొని కూర్చుని, ఆనాడు చెప్పినదీ నిన్న చెప్పినదీ ఆ కంఠంలో వినేవారు. తప్పులుంటే మళ్ళీ చెప్పేవారు. ఇన్ని గుణాలు ఒక్కచోట ఉన్న బ్రౌజరు మరొకటి లేదని మేము ముగ్గురం ఏకగ్రీవంగా తీర్మానించుకొన్నాము. బావ తన ఎక్కాలను, నేను నా గోప్యతను ఉపసంహరించుకొన్నాము.

పుట అడుగున చిన్న అక్షరాలలో 'మీ రచన భద్రపరచబడినది' అని కనిపించేది. భద్రం అన్న మాటకు నేను ఎరిగిన అర్థాలన్నీ శుభములే. ఒకసారి బావ, దానిని వేరొక చోటికి కూడా ఎక్కించి ఉంచుదామా అని అడిగాడు. వదినగారు వద్దన్నారు. ఫలశ్రుతి చెప్పనిదే గ్రంథానికి ప్రతి తీయకూడదని, అసంపూర్ణమైనది గడప దాటితే పూర్తికాదని మా ఇంటి నమ్మకం. మా తాతగారి నాటినుంచి తాటాకుల విషయంలో పాటించినదే. యంత్రం విషయంలో మాత్రం ఎందుకు మానాలి? నేను ఆవిడను సమర్థించాను. అది ఎలాగూ ఆకాశంలో ఎక్కడో పదిలంగా ఉంటుందని బావ కూడా ఊరుకొన్నాడు. ఎక్కడ ఉన్నదని ముగ్గురిలో ఒక్కరమూ అడగలేదు. ఏ తలుపు త్వరగా తెరుచుకొంటుందని, ఏ తలుపుకు గడియ గట్టిదని విచారించినవాళ్ళం, ధాన్యం లోపల ఉన్నదో బయట ఉన్నదో చూడలేదు.

మొన్నటి ఆశ్వయుజంలో మూలా నక్షత్రం నాటి పూజకు నేను రేపల్లె బండిలో వెళ్ళాను. బావ చెరుకుపల్లి మీదుగా బస్సులో వచ్చాడు. మూలనాడు పుస్తకాలు పీఠం మీద పెట్టి పూజించి, దశమి దాకా చదువూ రాతా లేకుండా ఉంచడం ఆచారం. అంతకుముందు రోజు వాటి దుమ్ము దులపడమూ ఆచారమే. ఈసారి అన్నగారి గ్రంథాల నడుమ ల్యాప్‌టాప్ కూడా పసుపు బొట్టుతో కూర్చున్నది. దానికి అక్షతలు వేస్తూ బావ నవ్వాడు. వదినగారు మాత్రం ఎంతో తృప్తిగా, "పైపైన తుడిచి ఊరుకోలేదురా. నువ్వు చెప్తుంటావు గదా, వాటి లోపల చెత్త పేరుకుంటుందని. అక్షరాలు పెద్దవి చేసుకుని, మడిగట్టుకుని, అన్ని గళ్ళలోనూ టిక్కు పెట్టి ఊడ్చేశాను" అన్నారు. బ్రౌజరు దేనికైనా చరిత్ర అనీ, కుకీలు అనీ మలినం చేరుతుందని, అప్పుడప్పుడు తుడవాలని బావ మా వాదోపవాదాలలో అన్న మాట ఆవిడకు గుర్తున్నది. అక్కయ్య ఇంత నేర్చుకొన్నదా అని బావ మురిసిపోయాడు. నేనూ మురిశాను.

దశమినాడు ఉద్వాసన చెప్పి, వదినగారు చారుకు చింతపండు నానవేసి, యంత్రాన్ని అలమరలో పెట్టి పుట తెరిచారు. 'ఇక్కడ మాట్లాడండి' అన్న మాట ఒక్కటే ఉన్నది. మొదటిరోజు ఎలా ఉన్నదో అలాగే ఉన్నది. నెట్టు సరిగా లేదేమో అన్నాడు బావ. క్రోములో తెరిచాడు, ఫైర్‌ఫాక్సులో తెరిచాడు, మళ్ళీ ఎడ్జిలో తెరిచాడు. ఇన్నాళ్ళు మేము పోట్లాడుకొన్న మూడు తలుపులూ ఒకదాని వెంట ఒకటి తెరుచుకొన్నవి. మూడింటి వెనుకా అదే తెల్లదనం. బావ కళ్ళజోడు తీసి తుడుచుకొని పెట్టుకొన్నాడు. చదవవలసినదేమో చదివాడు. తరువాత చాలా మెల్లగా చెప్పాడు.

"అక్కయ్యా, ఆ పేజీ నీ మాటలు ఎక్కడికీ పంపలేదే. ఈ బ్రౌజర్లోనే దాచింది. నువ్వు ఊడ్చింది దాన్నే."

"నేనేనా?"

"నువ్వేనే."

వదినగారు నానిన చింతపండును వేళ్ళతో తడిమి చూచారు. "చారు పెడతాను, కూర్చోండి" అన్నారు. మరునాడు యంత్రాన్ని నాతో తెనాలి తెచ్చి, బాగుచేసే దుకాణంలో చూపించాను. దుకాణదారు మర్యాదస్థుడు. చాలాసేపు పరీక్షించి, పోయినచోట వేరే రాతలు పడ్డాయండి, ఇక రాదండి అన్నాడు. తాటాకు చెదపట్టితే సగం అక్షరమైనా మిగులుతుంది, అగ్గిలో పడితే బూడిదైనా చేతికి అంటుతుంది. ఇందులో పోయినదానికి పోయిన గుర్తు కూడా లేదు.

అయినా నేను నిరాశ చెందలేదు. గ్రంథం పోయింది గాని ఆధారం ఉన్నది గదా అనుకొన్నాను. ఈసారి నేనే స్వయంగా రాసికొంటానని కాగితాలూ కలమూ పట్టుకొని మళ్ళీ రేపల్లె వెళ్ళి వంటింట్లో పీట వేసికొని కూర్చున్నాను. ఫలశ్రుతి మాట ఇక ఎత్తవద్దని వదినగారిని వేడుకొన్నాను. ఆవిడ తల ఊపి, కంద తరిగి, చింతపండు పిసికి, పొయ్యిమీద పెట్టారు. నేను మొదటిసారి అర్థం విని నిశ్చేష్టుడనైన పద్యాన్నే చదివాను. ఆవిడ విన్నారు. పులుసు ఉడుకుపట్టింది. రెండోసారి చదివాను. ఆవిడ పెదవి కదిలి ఆగిపోయింది. తల వంచిన రాజును గూర్చి నాకు గుర్తున్న ఆ ఒక్క మాటను నేనే అందించాను. అది దారి చూపుతుందని ఆశపడ్డాను.

"అది నాకూ తెలుసు మరిదీ. కానీ ఆయన గొంతు రావడం లేదు" అన్నారు. గరిటె పట్టుకొన్న చెయ్యి అలాగే ఉన్నది. "ఆ పెట్టెలో ఆవిడ గొంతొస్తోంది. రోజూ వినీ వినీ ఆవిడే వచ్చి కూర్చుంది. ఆవిడకు దగ్గు లేదు, ఆగడం లేదు. గబగబా రెండు ముక్కలు చదివి వెళ్ళిపోతోంది."

నేను కలం కింద పెట్టాను. కన్ను ఆనని మనిషికి చెవిలో మేలు చేస్తుందని మేము ముగ్గురం ఏరి కోరి ఎంచిన గుణమే అది. పోయిన రచనకు వదినగారిలో ఒక ప్రతి ఉన్నదనుకొన్నాను. రోజూ వంట ముగిశాక, గోడకు ఆనుకొని కూర్చున్న ఆ పూటలలో, ఒక్కొక్క వాక్యంగా ఆ ప్రతి కూడా చెరిగిపోతూ వచ్చింది. తరువాత ఆవిడ పులుసు పెట్టారు, పచ్చళ్ళు నూరారు, పండుగ కాకపోయినా అప్పడాల పిండి దంచారు. ఏ వంటకూ ఏ పద్యమూ రాలేదు. వంటలు మాత్రం మునుపటిలాగానే ఎంతో రుచిగా ఉన్నవి, అది నాకు మరింత దుర్భరమైంది. ఒకనాడు ఆవిడే, "ఇంక రాకు మరిదీ. నువ్వలా కాగితం పట్టుకుని కూర్చుంటే వంట చేయబుద్ధి కావడం లేదు" అన్నారు. కోపంతో అన్న మాట కాదు. బండిలో భట్టిప్రోలు దాటేదాకా ఆ మాటలో కోపం ఉంటే బాగుండుననుకొన్నాను.

మనిషిని కాలం ఒక్కసారిగా తీసికొనిపోదు. అతని గొంతును అతనిని ప్రేమించినవారి చెవిలో కొంతకాలం ఉండనిస్తుంది, దానినే మనం మరపురాని జ్ఞాపకమని పొరబడతాము. మా అన్నగారికి ఆ రెండవ గడువు కూడా తీరింది.

పుష్య బహుళ ఏకాదశి నాడు వదినగారికి కుడికన్ను చూపు కూడా పోయింది. ద్వాదశి నాడు బావ వచ్చి ఆవిడను బాపట్ల తీసికొని వెళ్ళాడు. రేపల్లె ఇంటికి తాళం వేశాము. వ్యాఖ్యానం దొరకలేదు.