వాసన చూసిన చెయ్యి

డిచ్‌పల్లిలో ఆర్మూర్ బస్సెక్కాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. సంతోషం ఆపుకోలేక పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని పెద్దమ్మకు చెప్పేశాను.

"మంచిగైంది బిడ్డా" అంటూ ఆమె నా కుడిచెయ్యి పట్టుకుంది. దీవిస్తుందనుకున్నాను. నా వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఏమనుకోకు. రోజూ మా కొడుకు చెయ్యి గిట్లనే చూస్త, అలవాటైంది. నేను చేసిన బీడీలల్ల తంబాకు తీసేసి గంజాయి నింపుకుంటడు. వాడొక్కడే గాదు, మా వాడకట్టుల పోరగాండ్లు, పెద్దోళ్లు సుత గదే తాగుతరు."

"మరి బీడీలు చేసుడు బంద్ పెట్టరాదా పెద్దమ్మా?"

"బంద్ పెడితే తినుడెట్ల బిడ్డా?"

ఆమె నా వేళ్లు మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుని, "నీ చేతికేం వాసన లేదు" అంది. తన కళ్ల వెంట నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికైనా, ఆర్మూర్ వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.