ఫుజైరా నుంచి పంజాబు వాన

మొన్న పొద్దున కాఫీ తాగుతూ ఫోను తెరిస్తే, ఉత్తరాది మైదానాల్లో ఈ వారం ఆకాశం నిర్మలంగా ఉంటుందనీ, రుతుపవనాలు పంజాబు, హర్యానాల నుంచి వెనుదిరుగుతున్నాయనీ ఒక వార్త కనిపించింది. ఫుజైరాలో మేడ మీద కూర్చున్న కోనసీమవాడికి పంజాబులో వాన కురిస్తే ఏమిటి, కురవకపోతే ఏమిటి అని మీకు అనిపించవచ్చు. నాకు మాత్రం చివరి అక్షరం దాకా చదవకుండా ఉండబుద్ధి కాలేదు. నాలుగైదేళ్ళ కిందట ఆ వానలన్నీ నా బాధ్యతే మరి.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన చిన్నప్పుడు రేడియోలో వార్తలు అయిపోతూండగా కోస్తాలో ఒకటి రెండు చోట్ల జల్లులు పడే అవకాశం ఉందనేవారు. ఆ ఒకటి రెండు చోట్లలో మన ఊరుందో లేదో ఎన్నడూ తేలేది కాదు, అయినా మా నాన్న చెయ్యెత్తి అందరినీ నోరు మూయించి మరీ వినేవాడు. ఆ ఇంట్లో పుట్టినందుకేమో, ఈ దేశం వచ్చాక నాకు దొరికిన ఉద్యోగమూ అలాంటిదే. సముద్రంలో లంగరు వేసిన పెద్ద ఓడలకు చిన్న ఓడల్లో ఇంధనం తీసుకెళ్ళి నింపే కంపెనీలో గుమాస్తాని. గాలి ఎంత, అల ఎంత ఎత్తు అని పొద్దున్నే వచ్చే సమాచారాన్ని పట్టికలో వేసి కెప్టెన్లకు పంపడం నా పని. అందులో నా తెలివితేటలేమీ లేవు, ఎవరో చెప్పింది ఇంకెవరికో చేరవేయడమే.

ఈ సంగతి మా వ్యాను డ్రైవరుకు ఎంత చెప్పినా ఎక్కలేదు. ఆయన పంజాబువాడు, నాకంటే ఐదారేళ్ళు చిన్న, అయినా అందరమూ పాజీ అనే పిలిచేవాళ్ళం, వాళ్ళ భాషలో అన్నగారని అర్థం. కరోనా రోజుల్లో వ్యానులో మనుషుల్ని ఎక్కువ ఎక్కించకూడదన్నారు గనుక, ఆ ఏడాదంతా పొద్దున్నే ఆయన ముందు సీట్లో, నేను చివరి సీట్లో, మాస్కుల్లోంచి ఒకరికొకరు అరిచి చెప్పుకుంటూ ప్రయాణం చేశాం. స్నేహం అలా కుదిరింది. ఊళ్ళో ఆయనకు ఆరెకరాల వరి, దాన్ని చూసుకునే భార్య, బడికి వెళ్ళే ఇద్దరు కూతుళ్ళు. సెలవు ఎప్పుడూ చలికాలంలోనే దొరికేది కాబట్టి పదకొండేళ్ళుగా ఒక్క వరికోతకూ ఇంటి దగ్గర లేడు.

సెప్టెంబరు సగం దాటిందంటే, ఇక్కడ ఉక్కపోత కాస్త తగ్గి సాయంత్రాలు కొండల మీద మబ్బులు చేరే వేళకి, ఆయనకు అక్కడి మబ్బులు గుర్తొచ్చేవి. "బాబూజీ, ఇస్ హఫ్తే బారిష్ హై క్యా?" అని, ఈ వారం వాన ఉందా లేదా అని మొదలుపెట్టేవాడు. ఓడలకు చెప్పేవాడివి, నా పొలానికి చెప్పలేవా అని ఆయన వాదన. మొదట్లో నవ్వి తప్పించుకున్నాను. తరవాత తరవాత ఆఫీసులో నా పట్టిక పంపగానే ఉత్తరాది మైదానాల సూచన కూడా చదివి, తిరుగుదారిలో ఆయనకు వినిపించడం అలవాటైపోయింది. వినగానే బండి పక్కకు ఆపి భార్యకు వాయిస్ మెసేజ్ పెట్టేవాడు. వరసగా రెండేళ్ళు నా మాట తప్పకపోయేసరికి నాకూ కొంచెం పొగరెక్కిందని ఒప్పుకోవాలి. మా ఆవిడ మాత్రం, "పంజాబు సంగతి సరేగానండీ, బాల్కనీలో నా వడియాలు ఎండుతాయో లేదో చెప్పండి ముందు" అని గాలి తీసేసేది.

మూడో ఏడు సెప్టెంబరు చివర్లో ఆయన వరి రంగు తిరిగింది. ఇంకో వారం పది రోజులు చేల్లోనే ఉంటే గింజ బాగా ఆరుతుంది. సరిగ్గా అప్పుడే పడమటి నుంచి మబ్బులొస్తున్నాయి, వారాంతంలో గాలివాన పడే అవకాశం ఉంది అని సూచన వచ్చింది. అవకాశం అన్న ఆ ఒక్క మాట నేను మింగేశాను. "పాజీ, కోయించెయ్యమను. శుక్రవారం దాటితే చేను పడిపోతుంది" అన్నాను. ఆయన ఆ మాటే ఇంటికి పంపాడు.

శుక్రవారం వాళ్ళ ఊళ్ళో ఎండ ఫెళ్ళున కాసింది. శనివారం, ఆదివారం కూడా అంతే. వాన ఎక్కడో కొండల వైపు కురిసి పోయింది. తేమ ఉందని మార్కెట్టులో ధాన్యం తీసుకోలేదనీ, ఇంటావిడ అక్కడే ఆరబోసుకుని కూర్చుందనీ సోమవారం పొద్దున పాజీ ఒక్క ముక్కలో చెప్పి, దారి పొడవునా ఇంక నోరు విప్పలేదు. తిట్టినా బాగుండేది. ఆ రోజు పట్టికలో గాలి వేగం రాస్తూంటే నా వేళ్ళకే నా మీద నమ్మకం లేనట్టనిపించింది.

సాయంత్రం ఇంట్లో చెప్పుకుంటే మా ఆవిడ నన్ను వెనకేసుకు రాలేదు. "మాట ఎవరిదైనా నోరు మీదే కదండీ. వెళ్ళి తప్పయిపోయిందని చెప్పండి" అంది.

మర్నాడు ముందు సీట్లోనే ఎక్కి కూర్చుని, "పాజీ, గల్తీ మేరీ హై. మాఫ్ కరో" అన్నాను. ఆయన నావైపు వింతగా చూసి, బండి ఆపి, ఫోనులో భార్య గొంతు వినిపించి, నాకు హిందీలో అర్థం చెప్పాడు. ఆవిడ ఆరెకరాలూ కోయించలేదట. ముందు పండిన రెండెకరాలే కోయించిందట, ఆ గింజ ఎండకు ఆరి అమ్ముడైపోయిందట, మిగతా నాలుగూ చేలో నిక్షేపంగా ఉన్నాయట. "మీ బాబూజీ సముద్రం ఒడ్డున ఉండి చెబుతాడు, నేను గట్టు మీద నిలబడి చూస్తాను. కోపం తెచ్చుకోకండి, మూడేళ్ళుగా ఇలాగే చేస్తున్నాను" అందట.

నిన్నటి మౌనం నా మీద కోపం కాదని అప్పుడు తెలిసింది. రెండెకరాల సంగతి ఆదివారమే తెలిసి, తన మాట లేకుండానే చేను పండుతోందన్నది ఆయనకు కష్టమనిపించింది. "మా నాన్న కూడా సగమే కోయించేవాడు, బాబూజీ. అబ్ వో పక్కీ కిసాన్ హై" అని, ఇప్పుడు ఆవిడే అసలు రైతని తేల్చి, ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రోజు ఇద్దరమూ ఆలస్యంగా చేరి, మేనేజరు చేత ఇద్దరమూ మాటపడ్డాం.

మర్నాడు తిరుగుదారిలో మళ్ళీ అదే ప్రశ్న. ఈసారి నేను అవకాశం ఉంది, లేకపోవచ్చు కూడా అన్నాను. ఆయన ఆ రెండు మాటలూ జాగ్రత్తగా ఇంటికి పంపాడు. ఆవిడ విని, ఎప్పటిలాగే తనకు తోచింది చేసి ఉంటుంది.

ఆ పై ఏడు కోతల ముందే ఆయన ఉద్యోగం ఖలాస్ చేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. భార్య చెప్పిన పని చేస్తున్నాననీ, ఇన్నేళ్ళ డ్రైవింగు కంటే ఇదే కష్టంగా ఉందనీ ఒకసారి చేలోంచి ఫోను చేసి, కోత మిషను చప్పుడు నాకు వినిపించాడు.

ఇప్పుడు మా వ్యాను నిండా మనుషులే. ఎవరి ఊరి వాన వాళ్ళ ఫోనులోనే గంట గంటకీ కనిపిస్తుంది, ఒకరినొకరు అడిగే పనే లేదు. సూచన తప్పితే క్షమించమని అడిగేవాడూ లేడు, బండి ఆపి క్షమించేవాడూ లేడు. నాకు ప్రాణానికి సుఖంగానే ఉంది. కాస్త వెలితిగానూ ఉంది.