బర్త్‌డే ఎవరిదో ముందుగాల చెప్పు

చేవెళ్లలో ఎవరి తలకాయ ఎంత పెద్దగా ఉండాలో తేల్చేది ఎల్లేశేనని సంతోషి వాళ్ల నాన్న పరమేశ్వర్ కిరాణా కొట్లో కూర్చుని నవ్వుతుండేవాడు. మాట అబద్ధమేం కాదు. బీజాపూర్ రోడ్డు మీద ఎల్లేశ్‌ది ఫ్లెక్సీల షాపు. లీడరు పుట్టినరోజైనా, బోనాలైనా, కొత్తగా తెరిచిన బట్టల దుకాణమైనా, పోయినవాళ్ల దశదినకర్మైనా, ఆ మొహం ముందు ఎల్లేశ్ కంప్యూటర్‌లోకి వచ్చి ఆ తర్వాతే కరెంటు స్తంభం ఎక్కాలి. పై వరుసలో ఎవరు, కింది వరుసలో ఎవరు, ఎవరి ఫొటో ఎవరి ఫొటో కంటే బెత్తెడు చిన్నది, ఇవన్నీ కొట్లాటలు తెచ్చే విషయాలు. ఒక్కటి తప్పినా పొద్దున కట్టిన ఫ్లెక్సీ మధ్యాహ్నానికి చినిగి ఉంటుంది. కుంచె పట్టి గోడల మీద రాసిన రోజుల నుంచి లెక్కేస్తే పాతికేళ్లుగా ఎల్లేశ్ ఈ పనిలోనే ఉన్నాడు.

సంతోషి ఆయన్ని ఎల్లేశన్నా అని పిలిచేది. అంతకుమించి ఆయన గురించి ఎన్నడూ ఆలోచించలేదు. ఇంజినీరింగ్ చదివిన పిల్ల కదా, ఫ్లెక్సీ కనపడితే మొహం అటు తిప్పుకునే రకం. ఆ సంగతి ఇప్పుడు గుర్తుకొస్తే తనకే సిగ్గేస్తుంది.

అది రెండు వేల ఇరవై ఒకటి. ఆఫీసులు మూతపడి అందరూ ఇళ్ల నుంచే పని చేస్తున్న కాలం. లాప్‌టాప్ తెరవడం వచ్చినవాడికల్లా ఉద్యోగం, ఉద్యోగం ఉన్నవాడికి అంతకంటే మంచిది ఇంకొకటి. ఆ ఊపులో కూడా సంతోషి ఆలస్యంగానే బండెక్కింది. చదువయ్యాక రెండేళ్లు ఇంట్లో కూర్చుంది. కిలో ఉప్పు కోసం కొట్టుకొచ్చిన ప్రతివాళ్లూ "బిడ్డ ఏం చేస్తున్నది సేటూ?" అని అడగడం, నాన్న ఉప్పు తూకం మీద లేని శ్రద్ధ పెట్టడం లోపలి గదిలోంచి వింటూ ఉండేది. చివరికి గచ్చిబౌలిలోని ఓ చిన్న కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. మొయినాబాద్ వైపు పూలు పండించే రైతుల కోసం వాళ్లు ఒక యాప్ చేస్తున్నారు. పొద్దున్నే ఊరూరా తిరిగి పూలను పట్నం మార్కెట్‌కు చేర్చే బండ్లుంటాయి, రైతు తన ఫోన్‌లోనే ఆ బండిలో చోటు చెప్పుకోవాలి. వెనక డేటా అంతా చూసే కోడ్ సంతోషిది. ఆ పని ఆమెకు బాగా వచ్చు, ఆమె రాసిన కోడ్‌కు వంక పెట్టినవాళ్లు లేరు.

ఇంతలో స్క్రీన్లు గీసే డిజైనర్ ఎక్కువ జీతం చూసుకుని వెళ్లిపోయాడు. మరుసటి రోజు మేనేజర్ రాఘవేందర్ ఫోన్ చేశాడు.

"సంతోషీ, ఇప్పుడు డిజైనర్ దొరుకుడు కష్టమున్నది. మూడు వారాలల్ల క్లయింట్‌కు స్క్రీన్లు చూపియ్యాలె. ఫిగ్మా నేర్చుకోని నువ్వే చేస్తవా? మంచిగ చేస్తె పర్మనెంట్ చేపిస్త. లేకపోతే నెలాఖరుకు నీ కాంట్రాక్ట్ అయిపోతది. నా చేతిల ఏం లేదు."

చేస్తానంది. మళ్లీ ఆ లోపలి గదిలో కూర్చుని కొట్లో మాటలు వినడం తన వల్ల కాదని ఆమెకు తెలుసు.

ఫిగ్మా అంటే యాప్ స్క్రీన్లను ముందుగా బొమ్మలా గీసుకునే సాధనం. ఏ మాట ఎక్కడుండాలి, ఏ బటన్ నొక్కితే ఏ స్క్రీన్ రావాలి, అన్నీ అందులో చూసుకున్నాకే కోడ్ రాస్తారు. దానికి ఇంటర్నెట్ ఆగకుండా ఉండాలి. ఇంట్లో కరెంటు పోతే ఇంటర్నెట్టూ పోయేది. "ఎల్లేశ్ కాడ ఇన్వర్టర్ ఉన్నది, ఫైబర్ ఉన్నది, పోయి కూసో, నేను చెప్త," అన్నాడు నాన్న. చెప్పేలోపే ఎల్లేశ్ టేబుల్ మీది ఇంకు డబ్బాలు కిందికి దించి, కుర్చీ తుడిచి పెట్టాడు. కిరాయి మాట ఎత్తితే "సేటు బిడ్డవు గాదు, నా చెల్లెవు. కూసో," అన్నాడు.

మొదటి వారం వీడియోలు చూస్తూ నేర్చుకుంది. డబ్బాలో డబ్బా పెట్టడం, వాటి మధ్య ఎడం దానంతటదే సర్దుకునేలా చేయడం, ఇవన్నీ కోడ్ తెలిసిన మనిషికి సులువే. ఎటొచ్చీ గీసింది చూస్తే ఏడుపొచ్చేలా ఉండేది. కోడ్‌లో తప్పు రాస్తే కంప్యూటర్ వెంటనే తిడుతుంది. ఈ ఫిగ్మా ఉందే, దీనికి నోరే లేదు. ఎంత వికారంగా గీసినా కిమ్మనకుండా దాచుకుంటుంది. డేటాలో ఏమేం ఉన్నాయో అన్నీ తెచ్చి మొదటి స్క్రీన్ మీద పెట్టింది సంతోషి. రైతు నంబరు, ఊరి కోడ్, పూల రకం, సంచుల లెక్క, బండి నంబరు, డ్రైవర్ పేరు, మొత్తం పదిహేను గడులు. ఉన్న డేటాను దాచడం తప్పని ఆమె చదువు చెప్పింది మరి.

ఒక మధ్యాహ్నం వెనక మిషన్ మీద ఏదో గృహప్రవేశం ఫ్లెక్సీ దిగుతుంటే ఎల్లేశ్ టీ గ్లాసు పట్టుకుని వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు.

"చెల్లె, ఒక మాట చెప్త, ఏమనుకోకు. గిది మా లీడర్ల ఫ్లెక్సీ లెక్కనే ఉన్నది. అందరి తలకాయలున్నయి. బర్త్‌డే ఎవరిదో తెలుస్తలేదు."

సంతోషికి ముందు కోపమొచ్చింది. ఆ వెంటనే నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఎందుకంటే ఆయన చెప్పింది నిజం.

ఎల్లేశ్ ఆ స్క్రీన్‌ను కాగితం మీద ప్రింటు తీశాడు. షట్టర్‌కు అతికించి, ఆమెను రోడ్డు దాటించి అవతలి గట్టున నిలబెట్టాడు. ఆయన దగ్గరికి వచ్చే ఏ గిరాకీకైనా ఈ యాత్ర తప్పదు. ఎంత పెద్ద లీడరైనా సరే, ఫైనల్ చేసేముందు రోడ్డు దాటాల్సిందే.

"కండ్లు సగం మూసి చూడు. ముందుగాల ఏం గొడ్తున్నది కంటికి?"

"ఏం లేదన్నా. అంతా బూడిద లెక్క ఉన్నది."

"గంతే మరి. బస్సుల పోయేటోడు నీ ఫ్లెక్సీని చదువడు చెల్లె, చూస్తడు. ఒక్క రెప్పపాటు. గా రెప్పపాటుల నువ్వు ఒక్కటే చెప్పగల్గుతవు. గందుకే నేను ఎవరొచ్చినా బర్త్‌డే ఎవరిదో ముందుగాల చెప్పు అంట. గది తెలిస్తె తక్కినోళ్లంత వాళ్ల జాగాల వాళ్లు కూసుంటరు."

ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం షట్టర్ మీద ఒక కాగితం, రోడ్డవతల సంతోషి. కూరగాయల ఆటోల వాళ్లు ఈ పిల్లకేమైందని చూసేవాళ్లు. పక్కపక్కన రెండు రంగులు అరుచుకోవడం ఆయనే చూపించాడు. ఖాళీ జాగా దండగ కాదని, అక్షరానికి ఊపిరాడేది అక్కడేనని కూడా ఆయనే చెప్పాడు. ఫ్లెక్సీలు వచ్చిన కొత్తలో కుంచె పక్కన పెట్టి మౌస్ పట్టుకున్నప్పుడు గీత సక్కగా రాక తానెట్లా ఏడ్చాడో చెప్పాడు. శంకర్‌పల్లిలో మల్లప్ప అనే ఆయన పైసా తీసుకోకుండా నేర్పాడట. "ఆయన నాకు ఊకనే చెప్పిండు. నేను నీకు ఊకనే చెప్తున్న. నువ్వు థాంక్సులు గీంక్సులు వెట్టకు," అని ముందే నోరు మూయించాడు.

ఆయనకు తెలియనిది ఆమె దగ్గరా ఒకటుంది. ఒకసారి రద్దు చేసే బటన్‌ను ఎర్రగా చేయబోయి సంతోషి అసలు బటన్‌నే మార్చింది. తక్కిన బటన్లన్నీ దాని నకళ్లు. కళ్లముందే పన్నెండు స్క్రీన్లలోని బటన్లన్నీ ఎర్రబడ్డాయి. "అయ్యో!" అని కేక పెట్టింది. ఎల్లేశ్ పరుగున వచ్చాడు, సంగతి తెలుసుకుని నోరు తెరిచాడు.

"ఒక్కటి మారిస్తె అన్నీ మారుతయా? పోయినేడు ఒక లీడరు పార్టీ మారిండు చెల్లె. నూట నలభై ఫ్లెక్సీలల్ల కండువ రంగు ఒక్కొక్కటి కూసోని మార్చిన! గిది అప్పుడుంటె బాగుండు."

ఆమె వెనక్కి తిప్పి బటన్లను మామూలు చేసింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నకళ్లంటే అంతదాకా ఆమెకున్న భయం కూడా ఆ రోజుతో పోయింది.

ఇక బర్త్‌డే ఎవరిదన్న ప్రశ్న. రైతు యాప్ కాబట్టి బర్త్‌డే రైతుదేనని సంతోషి తేల్చుకుంది. పైన పెద్దక్షరాలతో రైతు పేరు, దానికో నమస్తే, కింద బుకింగ్ వివరాలు. నెట్‌లో చూసిన పెద్ద పెద్ద యాప్‌లలా తెల్లని తెర మీద సన్నని బూడిదరంగు అక్షరాలు. రోడ్డవతలి నుంచి నమస్తే బాగానే కనపడింది. ఎల్లేశ్ మాత్రం తల గోక్కుని, "నాకు ఫ్లెక్సీ సంగతి తెలుసు, పూల సంగతి తెల్వదు. తెలిసినోళ్ల కాడికి పోదాం," అన్నాడు.

క్లయింట్ మీటింగుకు నాలుగు రోజులుందనగా పొద్దున్నే ఆమెను తన మోటార్‌సైకిల్ మీద మొయినాబాద్ దగ్గరి చిన్న మంగళారం తీసుకెళ్లాడు. అక్కడ చామంతి తోటలో రామమ్మ పూలు కోస్తోంది. ఎల్లేశ్‌కు చిన్నమ్మ వరస. చేతులు మంచుకు తడిసి ఉన్నాయి, కొంగున పూలు. సంతోషి తన ఫోన్ ఇచ్చి, "రామమ్మవ్వా, గిండ్ల బండి బుక్ చేయి, చూస్త," అంది.

రామమ్మ ఫోన్‌ను ఎండకు అటు తిప్పింది, ఇటు తిప్పింది. "ఏడున్నది బిడ్డా? అంత తెల్లగున్నది. ఏం కనవడ్తలేదు." కొంగు నీడ పట్టి చూశాక పైనున్న తన పేరు కనపడింది. "రామమ్మ గారు నమస్తేనా? నా పేరు నాకు తెల్వదా ఏంది?"

తడి వేలితో రెండుసార్లు నొక్కింది, ఫోన్ పలకలేదు. తిరిగి చేతిలో పెట్టేసింది.

"గీ కతలన్ని నాకెందుకు బిడ్డా? బండి వస్తదా, రాదా? వస్తె ఎన్ని గంటలకొస్తది? కోసిన పూలు గట్టు మీద వెట్టుకోని కూసుంటె ఎండ దాకి వాడిపోతయి. గదొక్కటి చెప్తదా నీ ఫోను?"

సంతోషి ఎల్లేశ్ వైపు చూసింది. ఆ మాట ఆమే అనాలని ఆయన చూస్తున్నాడు.

"బర్త్‌డే బండిదన్నా," అంది.

మూడు రోజులు కూర్చుని మొత్తం మార్చింది. నమస్తే పోయింది. పదిహేను గడులు మూడయ్యాయి. బండి వచ్చే టైము తెర సగం నిండా నల్లటి లావు అక్షరాల్లో నిలబడింది. తడి బొటనవేలు కూడా తప్పిపోకుండా అడుగున ఒకే ఒక్క వెడల్పాటి బటన్. నాలుగో రోజు పొద్దున మళ్లీ చిన్న మంగళారం వెళ్లారు. రామమ్మ ఎండలోనే చూసింది, నొక్కింది, ఫోన్ తిరిగిచ్చి చామంతుల్లోకి వెళ్లిపోయింది. బాగుందనలేదు, బాగాలేదనలేదు. అంతకంటే పెద్ద సర్టిఫికెట్ సంతోషికి అప్పటిదాకా ఏ కాలేజీ ఇవ్వలేదు.

అదే రోజు పదకొండింటికి ఎల్లేశ్ షాపులోనే కూర్చుని మీటింగులో కలిసింది. వెనక మిషన్ మీద సగం దిగిన ఫ్లెక్సీ ఉంది. ఆ చప్పుడులో ఎవరి మాటా వినపడదు. ఎల్లేశ్ ఏమీ అడక్కుండానే మిషన్ ఆపేశాడు. నడుమ ఆపితే గీత పడి ఆ గుడ్డంతా దండగని ఈ మూడు వారాల్లో సంతోషికి తెలిసింది. వద్దన్నట్టు చేయి ఊపింది. "వడ్తె వడ్తది. నువ్వు మాట్లాడు," అని ఆయన స్టూలు మీద కూర్చున్నాడు.

తెర మీద ఎనిమిది మంది. క్లయింట్, అంటే ఆ పూల బండ్ల యజమాని, మొదటి స్క్రీన్ చూసి, "ఏడు గంటల పది నిమిషాలు," అని పైకి చదివాడు. బటన్ నొక్కించి చూశాడు. ఆ తర్వాత ఆయన అడిగింది ఒకటే, "రైతులకు ఎప్పటిసంది ఇస్తరు?"

ఆయన వెళ్లిపోయాక రాఘవేందర్ గట్టిగా ఊపిరి వదిలాడు. "సంతోషీ, నీ పర్మనెంట్ లెటర్‌కు ఇయ్యాల్నే రాస్త. గిన్ని తక్కువ రోజులల్ల ఎట్ల నేర్చుకున్నవు? ఏ కోర్సు చేసినవో చెప్పు, మనోళ్లందరితోని చేపిద్దాం."

సంతోషి నోటి దాకా ఆ వీడియోల పేరే వచ్చింది. అది చెబితే సరిపోయేది, ఎవరూ రెండో ప్రశ్న అడిగేవారు కాదు. ఫ్లెక్సీల షాపంటే వీళ్లు నవ్వుతారేమోనన్న పాత బుద్ధి ఒక్క క్షణం అడ్డం వచ్చింది. స్పీకర్ ఆన్‌లో ఉంది. వెనక ఎల్లేశ్ ఏమీ ఎరగనట్టు ఇంకు డబ్బా మూత తుడుస్తున్నాడు.

"కోర్సు కాదు సార్. వీడియోల టూల్ నేర్చుకున్న, గంతే. డిజైన్ నేర్పింది ఎల్లేశన్న. చేవెళ్లల ఫ్లెక్సీలు కొడ్తడు. బీజాపూర్ రోడ్డు మీద ఆయన షాపుల కూసోనే నేర్చుకున్న. ఇప్పుడు గూడ ఈడికెల్లే మాట్లాడుతున్న. ఆయన లేకపోతే ఇయ్యాల నేను చూపియ్యనీకి ఏం లేకుండె."

ఎవరూ నవ్వలేదు. రాఘవేందర్, "ఆయన ఉన్నడా ఆడ? మా అందరి తరఫున థాంక్స్ చెప్పు," అన్నాడు.

కాల్ అయిపోయింది. ఎల్లేశ్ మిషన్ దగ్గరికి వెళ్లి స్విచ్ మీద చేయి పెట్టాడు కానీ నొక్కలేదు. అటు తిరిగే నిలబడ్డాడు.

"ఏమైందన్నా?"

"ఏం లేదు, జర ఆగు." స్విచ్ మీంచి చేయి తీశాడు. "పాతికేండ్ల సంది ఊరందరి పేర్లు పెద్దగ రాస్తున్న చెల్లె. నా పేరు మందిల ఎవరన్న చెప్పంగ ఇనుడు గిదే మొదలు."